రెండు చిల్లుల ఓటు

"చెల్లదు!"

దర్మాజి మాష్టారు ఆ మాట అనడం అప్పటికి పదిహేడోసారి. బోర్డుకి అంటించిన పెద్ద కాగితం మీద ఓటుకో గీత గీస్తున్న వినార్తి చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ ఓటంటే కాగితం మీద నచ్చిన అభ్యర్థి బొమ్మని మేకుతో ఒక్కసారి పొడవడం. ఈ ఊరి ఓట్లన్నీ కలిపితే రెండువందల చిల్లర. కిందటి అధ్యక్ష ఎన్నికల్లో చెల్లనివి మూడంటే మూడు. ఇదేం పోయేకాలం?

"మాష్టారూ, ఏమైంది వీటికి?"

"రెండేసి చిల్లులున్నాయి. నువ్వు గీతలు గియ్యి."

"ఒకసారి చూపించండి."

"అమ్మాయ్, మూడో క్లాసులోనూ ఇంతే నువ్వు. చెప్పిన పని తప్ప అన్నీ చేసేదానివి." టార్పాలిన్ పందిరి కింద కూర్చున్నవాళ్లు నవ్వారు. ముందు వరసలో లూరా గారు, అంటే ఊరి పెద్ద, అందరికంటే గట్టిగా నవ్వాడు. మాష్టారి చెల్లెలి మొగుడు మరి.

వినార్తి మళ్లీ బోర్డువైపు తిరిగింది. పిల్లలకి పాఠాలు చెప్పే ముప్పై నాలుగేళ్ల మనిషి, ఆ ఒక్క మాటకి మూడో క్లాసు పిల్లయిపోయింది. అలా తిరిగినందుకు తనని తాను ఎన్ని తిట్టుకుందో.

పెట్టె ఖాళీ అయింది. ఒకటో నంబరుకి ఎనభై ఎనిమిది. మూడో నంబరుకి అరవై ఒకటి. రెండో ఆయనకి ఇరవై తొమ్మిది. చెల్లనివి నలభై ఒకటి.

నలభై ఒకటి! ఒకటో నంబరాయన వస్తే ఊరి వెనక సున్నపురాయి కొండ సిమెంటు ఫ్యాక్టరీకి పోతుంది. మూడో నంబరాయన ఆ అనుమతి రద్దు చేస్తానన్నాడు. కొండ కింది ఊటే ఈ ఊరి వరి, ఈ ఊరి తాగునీరు. రేపు లూరా గారు ఈ లెక్క పట్టుకుని పట్నం వెళ్లి, చూశారా, మా జనం కూడా ఫ్యాక్టరీయే కావాలన్నారని చెప్పుకుంటాడు. అందుకు కాదూ ఈ తంటా అంతా!

వినార్తి మార్కరు బల్లమీద పెట్టి, చెల్లని కట్ట తీసుకుంది. మాష్టారు చెయ్యి అడ్డం పెట్టబోతే ఆమె చూసిన చూపుకి ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఒక్కొక్క కాగితం విప్పి వెలుతురుకి పెట్టింది. మేకుతో పొడిచిన చిల్లు మూడో నంబరు బొమ్మ మీద శుభ్రంగా ఉంది. రెండో చిల్లు మడిచినప్పుడు పైకొచ్చే అట్ట పేజీ మీద, బొమ్మలేవీ లేనిచోట. నలభై ఒకటీ అంతే. కాగితం పూర్తిగా విప్పకుండా పొడిస్తే మడత కూడా తూటు పడుతుంది, అంతకంటే ఏం లేదు.

"ఎవరు చెప్పారు మీకు సగమే విప్పమని?" అని అడిగింది జనాన్ని.

ఆడవాళ్ల వైపు నుంచి తుమీరా అవ్వ అంది. "మాష్టారేగా! గురువారం పారాయణానికి లూరా గారింట్లో కూర్చున్నప్పుడు చెప్పాడు. పూర్తిగా విప్పితే కాగితం చాటంత అయి బయటికి కనబడుద్ది, నీ ఓటు పక్కింటోళ్లు చూసేస్తారు, సగం విప్పి పొడిచెయ్ అవ్వా అన్నాడు. మంచికే చెప్పాడనుకున్నాం."

వినార్తికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఓటు దాచుకోమని చెప్పి ఓటే మింగేశాడు పెద్దమనిషి! దొంగ ఇంట్లో పడి ఎత్తుకుపోయినా ఇంత మండదు. ఈయన గురువై, నమ్మినవాళ్ల చేతే వాళ్ల గొంతు పిసికించాడు.

"సిగ్గులేదూ మీకు?" అంది. మాష్టారితో ఆ మాట అన్నవాళ్లు ఆ ఊళ్లో అంతవరకు లేరు.

"నోరు అదుపులో పెట్టుకో. ఈ పోలింగుకి అధికారిని నేను."

"ఎన్నికల రూల్సు పుస్తకంలో ఏముందో చదవనా? అభ్యర్థి గడిలో ఒక చిల్లు, మడత వల్ల అట్ట మీద ఇంకొకటి ఉంటే ఓటు చెల్లుతుంది. మీ సంతకమే ఉంది శిక్షణ కాగితం మీద."

"మడత వల్లే పడిందని నాకెలా తెలుస్తుంది? కావాలని రెండు పొడిచారేమో. వేసినవాళ్లొచ్చి చెప్తారా?"

తుమీరా అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. "నాది ఉంది అందులో. మూడుకే వేశా. ఏం చేస్తావ్?"

పక్కనే కూర్చున్న కస్మి లేచింది. వెనకాల ఇంకొకావిడ. ఒక్కొక్కరే లేస్తున్నారు. లూరా గారు కుర్చీలో వెనక్కి తిరిగి, లేచిన ప్రతి మొహాన్నీ చూస్తున్నాడు, తీరుబడిగా, పేర్లు గుర్తుపెట్టుకుంటున్నట్టు. వినార్తికి అప్పుడర్థమైంది, వేసినవాళ్లొచ్చి చెప్తారా అని మాష్టారు దేనికి అడిగాడో.

"కూర్చోండి!" అని అరిచింది. "కూర్చోండి అవ్వా, మీ కాళ్లకి దండం పెడతా! ఎవరికి వేశారో దేవుడికి కూడా చెప్పనక్కర్లేదు!"

వాళ్లు బిత్తరపోయి కూర్చున్నారు. వినార్తి ఒకటో నంబరు కట్ట లాక్కుని చకచకా తిరగేసింది. ఆరు కాగితాలు బయటికి లాగి పందిరంతా చూసేలా ఎత్తిపట్టింది.

"ఇవిగో, ఒకటో నంబరువి. వీటికీ రెండేసి చిల్లులే! ఇవెలా చెల్లాయి మాష్టారూ? వీటిని వేసినవాళ్లొచ్చి మీ చెవిలో చెప్పారా?"

పందిట్లో గోల మొదలైంది. మూడో నంబరు తరఫున సాక్షిగా పట్నం నుంచి వచ్చి, పొద్దుటినుంచీ ఫోన్లో తల దూర్చిన మనిషి ఇప్పటికి లేచి, తిరిగి లెక్కపెట్టాల్సిందేనన్నాడు. నాయనా, ఇప్పటికి మేలుకున్నావా!

వినార్తి ఒక్కొక్క కాగితం ఎత్తింది. ఎత్తినప్పుడల్లా జనం "చెల్లుతుంది!" అని అరిచారు. నలభై ఒకసార్లు అరిచారు. గీతలు మాష్టారి చేతే గీయించింది. మూడో నంబరుకి నూట రెండు.

సంతకాలయ్యాక మాష్టారు ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు. "గెలిచాననుకోకు. తొమ్మిదిమంది లేచారు. మా బావ చూశాడు. రేపు పేదలకిచ్చే సాయం బియ్యం జాబితా రాసేది ఆయనే."

వినార్తి గొంతు తగ్గించలేదు. ముందు వరసకి వినబడాలనే అంది.

"బాగా చూసుకోమనండి. లేచింది తొమ్మిదిమందే. మిగతా ముప్పై రెండూ ఎవరివో మీ బావగారు తలకిందులుగా తపస్సు చేసినా తెలియదు. మీరు సగం విప్పమని చెప్పింది ఆయనింట్లోనే కదా, ఆ రోజు ఎవరెవరున్నారో అక్కణ్ణుంచే మొదలెట్టమనండి!"

లూరా గారు మళ్లీ వెనక్కి తిరిగాడు. ఆడవాళ్ల వరసలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, తన భార్య దగ్గర ఆగాడు. ఆవిడ ఒళ్లో ఉడికించిన పల్లీలు వొలుచుకుంటోంది. తలెత్తలేదు.