గన్నేరు పొగ

ఇజ్జా ఇంటి చుట్టూ దడి గన్నేరుదే. మేకలు దాని జోలికి రావు, నీళ్ళు పోయకపోయినా పూస్తుంది. సూస్ లోయలో అంతకు మించిన దడి ఎవరికీ లేదు. దాని ఆకు తింటే చేటని ఊరందరికీ తెలుసు. బిస్మిల్లా అని దేవుడి పేరు చెప్పి కోసిన కొమ్మ మాత్రం ఏ చేటూ చెయ్యదని, దాని పొగకు జిన్నులు నిలవలేవని కూడా అందరికీ తెలుసు. అన్నీ తెలిసినవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

ఇజ్జా కోడలు తూదా ఒక సాయంత్రం మరిగే నీళ్ళు తూములో పారబోసింది. తూముల్లో జిన్నులు కాపురముంటాయి. ముందు దేవుడి పేరు చెప్పి, వాటిని తప్పుకోనిచ్చి పొయ్యాలి. తూదా మరిచిపోయింది. మర్నాడు నాలుగేళ్ళ కూతురు రఖీయాకు ఒళ్ళు పేలిపోయే జ్వరం వచ్చింది.

"నువ్వు దాని పిల్లల్ని కాల్చావు, అది నీ పిల్లని పట్టుకుంది," అంది ఇజ్జా. కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా అనేసరికి తూదా సగం చచ్చిపోయింది. భర్త హమ్మాద్ అగాదిర్ రేవులో చేపల పడవ మీద ఉన్నాడు. తప్పు తనది, పిల్ల తనది. అత్త ఏం చెప్తే అది చేసింది.

రోజూ పొద్దుగూకే వేళ తలుపులు మూసి, కిటికీలో గుడ్డలు కుక్కి, పిల్లను మధ్యన పడుకోబెట్టి గన్నేరు కొమ్మలు కాల్చేవారు. పొగ దట్టంగా రావడానికి కొమ్మల్ని ముందే బకెట్లో నానబెట్టేది ఇజ్జా. జ్వరం తగ్గింది. వాంతులు మొదలయ్యాయి. జిన్ను మొండిదని పొగ ఇంకా పెంచింది.

"అమ్మా, దీపం చుట్టూ పసుప్పచ్చగా ఎవరో కూచున్నారు," అంది రఖీయా ఒకనాడు.

తూదా తలెత్తి చూసింది. నిజమే, దీపం చుట్టూ పసుప్పచ్చటి వలయం ఆమెకూ కనిపించింది. పిల్ల గుండె మీద చెవి పెట్టింది. అది కొట్టుకుని, ఆలోచిస్తున్నట్టు ఆగి, మళ్ళీ కొట్టుకుంది. బయటికొస్తోందిలే, ఇప్పుడు ఆపితే మొదటికే మోసం వస్తుందని ఇజ్జా ధైర్యం చెప్పింది.

సంతకెళ్ళిన ఇజ్జా బస్సు తప్పిపోయి ఒక రాత్రి కూతురింట్లో ఉండిపోయింది. ఆ సాయంత్రం పొగ లేదు. తెల్లారి రఖీయా ఆర్గన్ నూనెలో రొట్టె ముంచుకు తింటానంది. తూదా ఆనందంతో ఏడ్చింది. ఇజ్జా తిరిగొచ్చి, చూశావా పొగ మహిమ అని, మళ్ళీ అంటించింది. పిల్ల మళ్ళీ వాలిపోయింది. మర్నాడు బకెట్ పక్కన పిల్లి చచ్చి పడుంది, మూతి ఇంకా తడిగానే ఉంది.

తూదాకు జిన్ను భయం పోయి, అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

"అత్తా, మన పిల్లని చంపుతున్నది జిన్ను కాదు. ఈ కొమ్మ."

"పేరు చెప్పి కోసిన కొమ్మే అది. మా అత్త కోసింది, వాళ్ళత్త కోసింది. నా మనవరాలికి నేను విషం పెడుతున్నానంటావా?"

తూదా బకెట్ పక్కనున్న పిల్లిని చూపించింది. ఇజ్జా ఆమె ముఖంలోకి కాసేపు చూసి, బకెట్లో చెంబు ముంచి గటగటా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"చేదు. అంతే. నాకేమన్నా అయితే ఆపేద్దువుగాని."

మధ్యాహ్నానికల్లా కక్కడం మొదలుపెట్టింది. పట్టపగలు ఇన్ని పసుప్పచ్చ దీపాలు ఎవరు పెట్టారని అడిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే బండిలో కోడలి చెయ్యి పట్టుకుని, "ఆపెయ్యవే," అంది. ఆ తర్వాత మాట లేదు. దారిలోనే ప్రాణం పోయింది.

ఖననం అయ్యాక ఊరి ఆడవాళ్ళు ఆ దడిలోంచే చంకల నిండా గన్నేరు కొమ్మలు విరిచి తెచ్చారు. ముసలిదాన్ని తీసుకుపోయిన జిన్ను ఇంట్లోనే ఉందట, పిల్లకు వెంటనే పొగ వెయ్యాలట. తూదా జరిగింది జరిగినట్టు చెప్పింది. పాపం, దుఃఖంతో మతి పోయిందన్నారు. ఒకామె కిటికీలో గుడ్డ కుక్కడం మొదలుపెట్టింది. లోపల రఖీయా కళ్ళు మూసుకుని పడుంది.

తూదా గడపకు అడ్డంగా నిలబడింది.

"మా అత్త పోతూ చెప్పింది. అది ఇప్పుడు ఇంట్లో లేదు, దడిలో దూరింది. కొమ్మ విరిచినవాళ్ళ వెంట వాళ్ళింటికి వస్తుందంట."

కొమ్మలన్నీ అక్కడే జారిపడ్డాయి. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

రఖీయా కోలుకుంది. హమ్మాద్ వచ్చి దడి కొట్టించేద్దామంటే ఎంత కూలి ఇస్తానన్నా ఒక్కడూ రాలేదు. తనే గొడ్డలి ఎత్తాడు గాని, కాసేపు నిలబడి దించేశాడు.

ఒక సాయంత్రం పిల్ల దడికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఏదో మాట్లాడుతోంది. గాలి లేదు, అయినా పూలు కదులుతున్నాయి.

"ఎవరితోనే?" అంది తూదా.

"నానమ్మతో. దగ్గరికి రావద్దంటోంది."

తూదా బిస్మిల్లా అనుకుని, పిల్లను ఎత్తుకుని లోపలికి నడిచింది.