నూనె పెరిగిన నెల

మా అత్తగారికి నేను పెట్టిన పేరు కొలతలమ్మ. ఎదురుగా అనే ధైర్యం లేక, మా ఆయన దగ్గర మాత్రం అని తృప్తిపడేదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఈ ఇంటి వంటగదిలో నూనె సీసాకి నడుం దగ్గర రబ్బరుబ్యాండు చుట్టి ఉండటం చూసి, చేతిలోంచి జారకుండా కాబోలు అనుకున్నాను. అది ఆదివారం ఆదివారం కిందికి జరిగే గుర్తని తర్వాత తెలిసింది. వారంలో నూనె ఎంత తగ్గాలో ఆవిడకి ఒక లెక్క ఉంది. అంతకు మించి తగ్గితే ఎవరినీ ఏమీ అనదు. మర్నాటి నుంచి వంటింట్లో నూనె చెంచా చిన్నదవుతుంది, అంతే.

ఒక్క నూనేనా? కొత్త సబ్బు తెస్తే వెంటనే వాడనివ్వదు. కాగితం విప్పి, నాలుగు ముక్కలు కోసి, అలమారాలో ఆరబెడుతుంది. బాగా ఆరిన సబ్బు తొందరగా కరగదట. అన్నం సగం ఉడకగానే స్టవ్ కట్టేసి, గిన్నెని పాత దుప్పట్లో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి మూత వేస్తుంది. మిగతా సగం దాని వేడికి అదే ఉడుకుతుంది. తెలియక మొదటిసారి ఆ పెట్టె తెరిచి, ఆవిర్లు కక్కుతున్న దుప్పటిని చూసి నేను కెవ్వుమన్నాను. ఇల్లు అంటుకుందనుకున్నాను మరి.

ఆవిడ ఉద్యోగం ఆస్పత్రి లాండ్రీలో, చిరిగిన దుప్పట్లు బాగుచేయడం. దుప్పటి ఎప్పుడూ మధ్యలోనే అరుగుతుంది, అంచులు కొత్తగానే ఉంటాయి. ఆవిడ దాన్ని నిలువునా కోసి, అంచులు రెంటినీ మధ్యకి తెచ్చి కలిపి కుట్టి, అరిగిన భాగాన్ని పక్కలకి పంపేస్తుంది. అలా చేస్తే ఇంకో రెండేళ్ళు వస్తుంది. మా ఇంట్లో కూడా దుప్పట్లన్నిటికీ నడిమధ్యన ఒక కుట్టు ఉంటుంది.

నేను పెరిగిన ఇల్లు వేరు. మా అమ్మ సీసా వంచిందంటే ఎంత పడితే అంతే నూనె. నెలాఖరులో పక్కింటి తలుపు కొట్టాల్సి వచ్చేది. అయినా సరే నాకు అదే దర్జాగా అనిపించేది, ఇక్కడి చెంచాలు చూస్తే ఒళ్ళు మండేది. ఆ మంట ఎలా చల్లారిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను చెప్పుల షాపులో బిల్లులు కొట్టేదాన్ని. ఏడేళ్ళు కొట్టాను. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెయ్యాలని నాకు పిచ్చి ఆశ. ఫీజుకి సరిపడా దాచుకున్నాను గానీ, రెండేళ్ళ కోర్సు, పగలంతా క్లాసులు, అంటే ఉద్యోగం మానాలి. ముప్పై దాటితే చేర్చుకోరు. నాకు ఇరవై తొమ్మిది నిండాయి. అప్లికేషన్ తెచ్చి, నింపే ధైర్యం లేక, పరుపు కింద పెట్టాను. అత్తయ్య పరుపు ఎండలో వేయడానికి ఎత్తింది.

"ఇదేంటమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదాన్ని పరుపు కింద దాచుకుంటారా ఎవరైనా?"

ఆ సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు ఆవిడ ఆ కాగితం మధ్యలో పెట్టింది. నా జీతం పోతే ఇల్లు ఎలా గడుస్తుందని మామయ్య గొణిగారు. ఆయన షాపులకి బోర్డులు రాసే పెయింటరు. పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల ఉండదు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆయన నా వంకా చూడలేదు, వాళ్ళమ్మ వంకా చూడలేదు.

"గడుస్తుందా గడవదా అని ఊరికే తలలు పట్టుకోవడం ఎందుకు?" అంది అత్తయ్య. "ఈ నెల అమ్మాయి జీతం కవర్లో పెట్టి ట్రంకుపెట్టెలో పడేద్దాం. అది లేదనుకుందాం. ఇల్లు నడిచిందా, చేరుతుంది. నడవలేదా, నడవలేదని తెలుస్తుంది. ఫీజు కట్టడానికి ఇంకా నలభై రోజులుంది."

మా ఆయన మొహం వెలిగింది. "అమ్మ చెప్పింది కరెక్టు. మేం కూడా లిఫ్టు బిగించాక ముందు బస్తాలు ఎక్కించి చూస్తాం. ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కిస్తాం."

అలా మొదలైంది ఆ నెల. అంతకు ముందు కొలతలమ్మ అంటే, ఆ నెలలో ఆవిడని ఏమనాలో నాకు మాట దొరకలేదు. కూరగాయలు సాయంత్రం బజారు ఎత్తేసే వేళకి వెళ్ళి తెచ్చేది. దెబ్బ తగిలిన టమాటాలు సగం ధరకి తెచ్చి, ఇంటికి రాగానే కోసి ఉడికించేసేది. బట్టలు జాడించిన నీళ్ళతో నేల తుడవడం, నేల తుడిచిన నీళ్ళతో మెట్లు కడగడం. బస్సులో ఒక స్టాపు ముందే దిగేది, అక్కడితో టికెట్టు రేటు మారుతుంది కాబట్టి. ఇవన్నీ ఎంత చురుగ్గా చేసేదంటే, పొదుపు చేస్తున్నట్టు ఉండేది కాదు, ఏదో ఆట ఆడుతున్నట్టు ఉండేది.

కానీ నాకు లోపల పీకుతూనే ఉంది. నా చదువు కోసం ఈవిడ ఇంత అవస్థ పడాలా? పైగా భయం, ఒకవేళ నడవకపోతే? రెండో వారంలో సీసా వంక చూస్తే నూనె రబ్బరుబ్యాండు కిందికి దిగినట్టు అనిపించింది. షాపు నుంచి రోజూ నడిచి ఇంటికి వచ్చి, మిగిలిన బస్సు డబ్బులతో చిన్న నూనె ప్యాకెట్టు కొని, ఎవరూ లేనప్పుడు సీసాలో పోసేశాను. మూడో వారంలో కూడా పోశాను. మంచిపని చేశానని పొంగిపోయాను.

నాలుగో ఆదివారం అత్తయ్య మా ముగ్గుర్నీ వంటింట్లోకి పిలిచింది. కిటికీ వెలుగులో సీసా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నెల రోజుల నుంచి రోజుకి రెండు పూటలు వంట చేస్తున్నాను. నూనె రబ్బరుబ్యాండు కంటే రెండు వేళ్ళు పైకొచ్చింది. ఏం, మనింట్లో నూనె పిల్లల్ని పెడుతోందా?"

తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. దొంగనైతే నేనొక్కదాన్నే కావాలి, మరి ఆ ఇద్దరి మొహాలు ఎందుకు మాడిపోయాయో నాకు అర్థం కాలేదు. మొదట మా ఆయన నోరు విప్పాడు. ఆదివారాలు ఓవర్‌టైము చేసి నూనె, పప్పు తెచ్చి పోశాడట. తర్వాత మామయ్య. మంగలి షాపుకి బోర్డు రాసి, ఆ డబ్బుతో బియ్యం డబ్బాలో రెండు కిలోలు కలిపారట. నూనె కూడా.

"నేను మాత్రం రబ్బరుబ్యాండు దాకానే పోశానే! జాగ్రత్తగా గీత చూసుకుని మరీ పోశాను!" అన్నారు మామయ్య, ఆ రెండు వేళ్ళు తనవి కావని రుజువు చేసుకుంటున్నట్టు.

నేను కూడా ఒప్పుకున్నాను. అత్తయ్య నా కాళ్ళ వంక చూసింది. "నడిచి మిగిల్చావు సరే. ఆ చెప్పులు అరిగిపోయాయి చూడు. వాటి ఖర్చు ఎవరి ఖాతాలో రాయమంటావ్?"

నాకు నవ్వొచ్చింది, కానీ ఆవిడ నవ్వలేదు. ఆవిడకి కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి. కొడుకు వైపు తిరిగింది. "నువ్వు లిఫ్టులో బస్తాలు వేసి చూస్తున్నప్పుడు కింద నుంచి ఎవడైనా భుజం ఆనించాడనుకో. లిఫ్టు బాగుందని సంతకం పెడతావా?"

మా ఆయన తల దించుకున్నాడు. "పెట్టను."

"మరి నా ఇంటికి ముగ్గురూ భుజాలు ఆనించారే! ఇప్పుడు ఈ ఇల్లు ఎంత మోస్తుందో నాకెలా తెలుస్తుంది?"

ఫీజుకి పన్నెండు రోజులే గడువు. అంతా అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం అప్పటికే మిగిలిన బియ్యం, పప్పు, నూనె అన్నీ వేరే డబ్బాల్లోకి ఎత్తి, అటకమీద పెట్టించింది. నా జీతం కలపకుండా, నెల డబ్బులో మూడో వంతు తీసుకుని, పది రోజులకి సరుకులు కొత్తగా తెచ్చింది. "పది రోజులు. ఈసారి ఎవరైనా ఒక్క ఉల్లిపాయ తెచ్చినా ఊరుకునేది లేదు" అంది.

ఆ పది రోజులు మేం ముగ్గురం చేతులు కట్టుకుని కూర్చున్నాం. అంతకంటే కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు. ఐదో రోజుకి నాకో అనుమానం మొదలైంది. ఆవిడ పొద్దున్నే అందరికంటే ముందు డబ్బా కట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ డబ్బాలో ఏముంటుంది? మా కడుపులు నింపి ఆవిడ పస్తుంటోందా? ఏడో రోజు షాపులో సగం పూట సెలవు పెట్టి లాండ్రీకి వెళ్ళాను.

లోపల ఆవిరి, మెషిన్ల హోరు, గోడ ఎత్తున దుప్పట్ల కుప్పలు. కిటికీ కింద కుట్టుమిషను పక్కనే అత్తయ్య నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని భోజనం చేస్తోంది. అన్నం, పప్పు, కూర, పక్కన అరటిపండు. నా డబ్బా కంటే ఆవిడ డబ్బానే పెద్దది. నన్ను చూసి, నమలడం ఆపకుండానే, "నా డబ్బా సోదా చెయ్యడానికొచ్చావా?" అంది.

నేను నాలుక కరుచుకున్నాను. ఆవిడ అరటిపండులో సగం తుంచి నాకిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడమ్మాయ్. కడుపు మాడ్చుకుని మిగిల్చింది మిగులు కాదు. అది రేపు మందుల షాపువాడికి పోసేదే. నేను పారేసే దాంట్లో తగ్గిస్తాను, తినే దాంట్లో తగ్గించను. పొయ్యి మీద ఊరికే మండే గ్యాసు తగ్గిస్తాను. నీ కంచంలో ముద్ద ఎప్పుడైనా తగ్గిందా?"

తగ్గలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తగ్గలేదు. ఆ సంగతి ఆవిడ అడిగేదాకా నాకు తట్టకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా పుట్టింట్లో నూనె కారుతూ ఉండేది, నెలాఖరులో కంచాలు మాత్రం వెలవెలబోయేవి. ఇక్కడ ఒకటో తారీకు కంచం, ముప్పయ్యో తారీకు కంచం ఒక్కలాగే ఉంటాయి. ఆ చెంచాలని చూసి ఏడ్చినదాన్ని, కంచాన్ని చూడటం మర్చిపోయాను. లాండ్రీ నుంచి బయటికి వచ్చేసరికి కొలతలమ్మ అన్న పేరు నా నోట్లో వేరేగా పలికింది.

పదో రోజు సాయంత్రం ఆవిడ డబ్బాలన్నీ తెచ్చి బల్లమీద పెట్టింది. బియ్యం రెండు గుప్పెళ్ళు, నూనె మూడు చెంచాలు, సబ్బు ముక్క ఒకటి. మేం ముగ్గురం పరీక్ష రాసిన పిల్లల్లా ఆవిడ మొహం వంకే చూస్తున్నాం.

"నడుస్తుంది" అంది. "అలా అని సుఖంగా ఉంటుందని చెప్పను. కొత్త బట్టలుండవు, బయట తిళ్ళుండవు. చిరిగితే కుట్టుకోవాలి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ట్రంకుపెట్టెలో నీ జీతం కవరుంది. రెండేళ్ళు నడుస్తుంది."

మా ఆయన ఒక్క గంతు వేశాడు. మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను అక్కడే కూర్చుండిపోయాను. వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక అడిగాను.

"అత్తయ్యా, ఎలాగూ నడుస్తుందని మీకు మొదటే తెలుసు కదా. మేం కలిపింది తీసేసి లెక్క వేసుకున్నా తెలిసేదే. మళ్ళీ మొదటినుంచి ఎందుకు చేశారు?"

ఆవిడ డబ్బాలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.

"నేను నర్సు ట్రైనింగులో చేరాను. నీకు తెలీదులే, మీ మామయ్యకి కూడా సరిగ్గా తెలీదు. ఇల్లు బ్రహ్మాండంగా నడుస్తోంది, నువ్వు హాయిగా చదువుకో అన్నాడు మా నాన్న. ఐదో నెలలో ఇంటికెళ్తే వంటింట్లో ఇత్తడి గిన్నెలు ఒక్కటీ లేవు. ఒక్కొక్కటే అమ్మి నడుపుతున్నారు. నాకు చెప్పలేదు, పాపం, ప్రేమకొద్దీ. ఇక చదువు ఎక్కుతుందా? ఆ రోజే మానేశాను. ఆ తర్వాత ఆస్పత్రిలోకే వెళ్ళాన్లే. తలుపే వేరు."

ఆవిడ సబ్బు ముక్క తీసి జాగ్రత్తగా అలమారాలో పెట్టింది.

"ఊరికే లెక్క వేసి చెబితే నువ్వు నమ్మవు. నీ కోసం అబద్ధం చెబుతున్నానని అనుమానపడతావు. లాండ్రీ దాకా వచ్చావు కదా! నువ్వు నీ కళ్ళతో చూడాలి. రేపు క్లాసులో కూర్చున్నప్పుడు ఇంట్లో ఏం అమ్ముతున్నారో అన్న ఆలోచన నీకు రాకూడదు. అందుకే చేశాను."

మర్నాడు కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అప్లికేషన్ నింపాను. చదువుకునే కాలంలో పోషించేవారు అని ఒక గడి, దాని పక్కన తండ్రి, భర్త అని రెండే అచ్చు వేశారు. రెండూ కొట్టేసి, అత్తగారు అని రాశాను. గుమస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"అత్తగారా? ఏం చేస్తారావిడ?"

"ఆస్పత్రిలో దుప్పట్లు కుడతారండీ."

"ఆ జీతంతో అవుతుందామ్మా? ఏదో చెబుతున్నాననుకోకు. సగంలో మానేసి వెళ్ళిపోయేవాళ్ళని ఏటా చూస్తున్నాను."

"అవుతుందండీ. ఐదో నెలలో కూడా నేను మానను."

ఐదో నెల ఎందుకన్నానో ఆయనకి అర్థం కాలేదు. ఫీజు లెక్కపెట్టుకుని, స్టాంపు వేసి, రసీదు చింపి ఇచ్చాడు.