మెట్లాయన సంజాయిషీ

ఎండాకాలం వచ్చిందంటే మెట్లాయనకు గడియారంతో పని ఉండదు. తొడల మధ్య ఒరుపు మొదలైతే పదకొండు కావస్తున్నట్టు. ముందు ఎవరో గరుకు కాగితం పెట్టి తీరిగ్గా రుద్దుతున్నట్టుంటుంది. ఇంకో అరగంటకు చెమట చేరి, పుండు మీద ఉప్పునీళ్ళు పోసినట్టవుతుంది. పన్నెండు దాటితే కాళ్ళు ఎడం చేసి నడవక తప్పదు. అలా నడుస్తుంటే ఎదురొచ్చే జనం ఒకసారి కాళ్ళ వంక, ఒకసారి మొహం వంక చూసి, పట్టపగలే పట్టించాడనుకుని పక్కకు తప్పుకుంటారు. వాళ్ళకు చెప్పుకోవడం కన్నా తాగుబోతు అనిపించుకోవడమే నయం అనుకునేవాడు.

నీళ్ళ ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. ఒక్కొక్కరికి ఒక్కో లైను, అంటే నెలనెలా ఇల్లిల్లూ తిరిగి మీటర్ల మీద అంకెలు చూసి చేతి మిషన్లో కొట్టాల్సిన పేట. అతని పేట కొండ మీద ఉంది. అక్కడ వీధుల్లేవు, మెట్లే. ఇరవై రెండేళ్ళ కింద, ఆరో తరగతితో చదువు మానినవాడు కదా, ఎదురు చెప్పడులే అని ఎవరికీ అక్కర్లేని ఆ లైను అతని నెత్తిన పడేశారు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఎవరైనా తీసుకుంటామంటే మీద పడి కొట్టేటట్టున్నాడు. పొద్దున పైకెక్కితే మధ్యాహ్నం దాకా అతని మీద అజమాయిషీ చేసేవాడు లేడు, పలకరించేవాళ్ళు మాత్రం ఇంటికొకరున్నారు. అందుకే మెట్లాయన అయ్యాడు. వెనకాల పిలుచుకునే పేరు బస్తా. అదీ అతనికి తెలుసు. నూటనాలుగు కిలోల మనిషికి మల్లెమొగ్గ అని పేరు పెడతారా.

ఆ ఉద్యోగంలో కుర్చీ రీడింగు అని ఒకటుంది. ఇంటిదాకా వెళ్ళకుండా నీడన కుర్చీ చూసుకుని కూర్చుని, పోయిన నెల అంకెకు ఓ పద్నాలుగో పదిహేనో కలిపి మిషన్లో కొట్టెయ్యడం. డిగ్రీలు చదివి వచ్చినవాళ్ళందరూ కొట్టినవాళ్ళే. మెట్లాయన మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కొట్టలేదు. చదువు లేనివాడికి ఉన్న ఒకే ఒక పట్టా అది. మొన్న బుధవారం దాకా ఉండింది.

బుధవారం నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంకా తొంభైఆరు మెట్లు, పదకొండు ఇళ్ళు మిగిలాయి. పొద్దున గుప్పెళ్ళతో చల్లుకున్న పౌడరు చెమటకు తడిసి ముద్దయింది, ముద్ద ఎండి గింజకట్టింది, ఆ గింజలే ఇప్పుడు చర్మాన్ని నూరుతున్నాయి. ఆ సంగతి అతనికి తెలియదు. మంట ఎక్కువైనకొద్దీ పౌడరు చాలలేదనుకుని, మర్నాడు ఇంకో గుప్పెడు వేసేవాడు. ఒక మెట్టు ఎక్కాడు. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. దిగి, ట్యాంకు గోడ నీడన నిలబడ్డాడు. కూర్చుంటే మళ్ళీ లేవడం ఇంకో నరకం. నిలబడే పదకొండు అంకెలు కొట్టేశాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత సులువా, ఇన్నాళ్ళూ నేనెందుకు ఎక్కి చచ్చాను అని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత పైమెట్ల వంక చూడకుండా కిందికి దిగాడు.

పది అంకెలు గొడవ లేకుండా గడిచిపోయాయి. పదకొండోదే కొంప ముంచింది. కొండ కొసన ఉన్న చివరి ఇంటి మీటరు కారుతోందని సోమవారమే ఫిట్టరు విప్పి తెచ్చేశాడు. బుధవారం నాడు మెట్లాయన కళ్ళారా చూశానని కొట్టిన మీటరు, ఆ వేళకు తన ఆఫీసులోనే, కింద స్టోరు గదిలో, మెడకు చీటీ కట్టించుకుని పడుకుని ఉంది. పడుకున్న చోటే పద్నాలుగు యూనిట్లు తాగిందన్నమాట.

శుక్రవారం మేడమ్ పిలిచింది. ఆఫీసుకు కొత్త అధికారి, వచ్చి నాలుగు నెలలైంది, అతని ఆఖరి చెల్లెలి ఈడు ఉంటుంది. బల్ల మీద కాగితం పరిచి దాని మీద ఆ మీటరు పెట్టింది.

"కూర్చోండి."

"పర్లేదు మేడమ్, నిలబడతాను."

"ఇది ఏ ఇంటిదో తెలుసా?"

చీటీ చదవక్కర్లేదు. ఆ మీటరు అద్దం మీది పగులు కూడా అతనికి తెలుసు. తల ఊపాడు.

"ఎందుకు వెళ్ళలేదు?"

అతను మీటరు మెడకున్న చీటీ సరిచేశాడు.

"తాగారా?"

"అలవాటు లేదు మేడమ్."

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బాగున్నారు మేడమ్."

"మరింకేమిటండీ? మీ రికార్డు చూశాను. ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. ఏదో ఒకటి చెప్పండి."

మాట గొంతు దాకా వచ్చింది. తొడ అన్న ముక్క ఆడమనిషి ముందు, అందులోనూ కుర్చీలో ఉన్న ఆడమనిషి ముందు ఎట్లా పలకడం. చెమటలు పట్టాయి, ఆ చెమట కూడా నేరుగా అక్కడికే దిగింది. బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మార్చాడు, మళ్ళీ ఈ కాలి మీదకు మార్చాడు.

"సోమవారం పదింటికి సంజాయిషీ రాసివ్వండి," అంది ఆమె. "సరైన కారణం ఉంటే హెచ్చరికతో సరి, లైను మీకే ఉంటుంది. కారణం లేదంటే స్టోరుకు వేస్తాను. ఇంతకు ముందు ఇద్దరికి అదే చేశాను, మీకొకటి వాళ్ళకొకటి చెయ్యలేను."

స్టోరంటే భూమిలో సగం దిగిన గది. కిటికీ లేదు. చచ్చిన మీటర్లకు చీటీలు కట్టుకుంటూ, రిటైరయ్యేదాకా ముక్కాలి పీట మీద కూర్చోవాలి.

బయటికొస్తుంటే రేడియో పట్టుకున్నాడు. వచ్చే కాగితాలకు నంబరు వేసి పుస్తకంలో ఎక్కించే గుమాస్తా అతను. కాగితం అతని చేతిలో పడ్డాక గోడలకు కూడా తెలిసిపోతుంది కనుక ఆ పేరు.

"ఏంటన్నా, మీటరు నీకోసం కొండెక్కి దిగిందంట? చార్జీలు ఇచ్చావా లేదా?"

"నీ పని చూసుకో."

"చూసుకుంటున్నా. సోమవారం నీ కాగితం కోసమే చూస్తున్నా."

ఇంటికెళ్ళాక కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. అలా తిరిగితే ఇంకా ఒరుసుకుంటుంది, నిలబడితే మండుతుంది, మంచం మీద వాలితే చెమట. భార్య ఆసుపత్రిలో ఆయా. మంచాన పడ్డవాళ్ళను తిప్పి, తుడిచి, బట్టలు మార్చే పని. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, ఆ నడకేంటి? గుర్రం దిగొచ్చావా?"

అతను జరిగిందంతా చెప్పాడు, కారణం ఒక్కటి తప్ప.

"అయితే తొడలు ఒరుసుకున్నాయని చెప్పలేకపోయావా?"

అతను తిరగడం ఆపాడు. "నీకెవరు చెప్పారు?"

"నీ ప్యాంట్లు చెప్పాయి. మోకాళ్ళ దగ్గర కొత్తగా ఉంటాయి, పైన చూస్తే జల్లెడ. లోపలివైపు గుడ్డ వేసి కుట్టేది ఎవరనుకున్నావు మూడేళ్ళ నుంచి?"

"గట్టి గుడ్డ అనుకున్నా."

"గట్టిదే. నీ బుర్ర." ఆమె అల్మరాలో వెనక్కి తోసి దాచిన పౌడరు డబ్బా తీసి అతని ముందే చెత్తబుట్టలో పడేసింది. "చెమట పట్టేచోట పౌడరు సున్నంలా ముద్దకడుతుంది. నువ్వు చర్మానికి గిలాబా చేసుకుంటున్నావు. చెబుదామంటే ఎప్పుడైనా దగ్గరికి రానిచ్చావా? ఎండాకాలం వస్తే చాలు, లైటార్పి బట్టలు మార్చుకుంటావు కొత్త పెళ్ళికూతురులాగా."

ఇద్దరికీ నవ్వొచ్చింది కానీ అతను నవ్వలేదు.

ఆ రెండు రోజులూ ఆమె అతన్ని వార్డులో పేషెంటును చేసింది. చన్నీళ్ళతో కడిగించింది, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దించింది, బాగా ఆరేదాకా ఫ్యాను ముందు నిలబెట్టింది. పుండు చెక్కు కట్టాక వాజలీన్ సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇదేంటి, పసిపిల్లాడినా నేను?"

"జడ్జీగా చేసినాయన ఉన్నాడు మా వార్డులో, ఎనభై ఏళ్ళు. ఆయనకే పూస్తాను, నోరెత్తడు. పొద్దున బయల్దేరే ముందు పల్చగా రాసుకో, ఒకటి మీద ఒకటి జారిపోతాయి. మధ్యాహ్నం తుడిచి మళ్ళీ రాసుకో. దాని మీద ఇది వేసుకో." సైకిలు పందాలవాళ్ళు వేసుకునే, మోకాళ్ళ పైదాకా అతుక్కునే నల్ల నిక్కరు రెండు జతలు సంచిలోంచి తీసింది. "చర్మానికి చర్మం తగలదు. కుట్టు కూడా లోపలివైపు లేదు, చూసే తెచ్చా."

ఆదివారం మిట్టమధ్యాహ్నం, సెలవైనా, ఎవరికీ చెప్పకుండా కొండెక్కాడు. ట్యాంకు మలుపు దాటాడు. తొంభైఆరు మెట్లూ ఎక్కాడు. చెమట కారింది, ఆయాసం వచ్చింది, పాత పుండు కాస్త చురుక్కుమంది, అంతే. పదకొండు ఇళ్ళూ చూసి అంకెలు కాగితం మీద రాసుకున్నాడు. చివరి ఇంట్లో కొత్త మీటరు బిగించి ఉంది. తను పదిహేను కొట్టిన ఒక ఇంట్లో నిజానికి వాడింది రెండు. నెల రోజులుగా ఊళ్ళో లేరట. పాపం వాళ్ళు వాడని నీళ్ళు వాళ్ళ నెత్తిన రుద్దాడు. దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, మనసే బరువుగా ఉంది. తొడలు బాగుపడ్డాయి, లైనే ఉంటుందో ఊడుతుందో తెలియదు. మూడేళ్ళ కింద భార్యకు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. ఆ లెక్కన తప్పు తొడలది కాదు, నోటిది.

సాయంత్రం కాగితం ముందు పెట్టుకున్నాడు. అనారోగ్య కారణముల వలన, అని రాసి కొట్టేశాడు. డాక్టరు చీటీ అడుగుతారు. కళ్ళు తిరిగినందువలన అని రాశాడు.

"కళ్ళు తిరిగినోడివి పదకొండు అంకెలు ఎట్లా కొట్టావంటారు," అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"నువ్వు కాసేపు ఊరుకోవే."

"అబద్ధపు రీడింగుకు ఇంకో అబద్ధంతో సంజాయిషీనా? అది కూడా కుర్చీలో కూర్చునే రాస్తున్నావు చూడు."

ఆ మాట ఎక్కడో తగిలింది. లేచాడు. గదంతా నాలుగుసార్లు తిరిగాడు. గూట్లో కాగితం ఆనించి, నిలబడే రాశాడు. నాకు లావు ఎక్కువ. ఎండకు తొడలు ఒరుసుకుని పుండ్లు పడినవి. బుధవారం నాడు తొంభైఆరు మెట్లు ఎక్కలేక పదకొండు ఇళ్ళు అబద్ధం కొట్టితిని. సిగ్గుచేత చెప్పలేదు. ఆదివారం నాడు ఎక్కి అసలు అంకెలు చూసితిని, వెనక రాసినాను. ఇప్పుడు తగ్గినది. లైను చెయ్యగలను.

సోమవారం మేడమ్ కాగితాన్ని రెండుసార్లు చదివింది, వెనక్కి తిప్పి అంకెలు చూసింది. అతను ఆమె తల పైన గోడ మీది క్యాలెండరులో తేదీలన్నీ చదివేశాడు.

"మిగతావాళ్ళకు కూడా ఉంటుందా ఇది?" అంది.

"తెలీదు మేడమ్. ఎవరూ చెప్పుకోరు."

"కారణం సరైనదే. నేను ఒప్పుకుంటాను." కాగితం అతని వైపు జరిపింది. "కానీ ముందు ఇన్వర్డు పుస్తకంలో ఎక్కి రావాలి. అక్కడెవరున్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఎక్కించడం ఇష్టం లేదంటే ఇక్కడే చింపేస్తాను, మూడోవాడికి తెలియదు. అప్పుడు కారణం చెప్పలేదని రాసుకోవాలి. మీ ఇష్టం. పదకొండు లోపల తేల్చండి."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చాడు. అటు చివర స్టోరుకు దిగే మెట్లు, ఇటు చివర రేడియో బల్ల. స్టోరు వైపు నడిచాడు. కిందనుంచి తుప్పు వాసన, తడి గోడల వాసన. ఎనిమిదే మెట్లు. దిగితే ఎవరూ ఏమీ అడగరు. అవును, దొంగ రీడింగు కొట్టాడంట అనుకుంటారు, రెండు నెలలకు మర్చిపోతారు. అందరూ కొట్టేదే కదా. రేడియో దగ్గరికి వెళితే బతికినన్నాళ్ళూ చెప్పుకుంటారు. వెనక్కి తిరిగాడు. రేడియో బల్ల దాకా వచ్చి, చుట్టూ ఉన్న ఆరేడు తలకాయలు చూసి, మంచినీళ్ళ కుండ వైపు మళ్ళాడు. దాహం లేకపోయినా రెండు గ్లాసులు తాగాడు. మళ్ళీ స్టోరు మెట్ల దాకా వెళ్ళాడు. బద్ధకంతో కొట్టాడన్న లేని తప్పు కూడా ఎందుకు, ఉన్న తప్పే చాలు అనుకున్నాడో, ఆ ముక్కాలి పీటే కళ్ళముందు కదిలిందో, ఈసారి ఎక్కడా ఆగకుండా వచ్చి కాగితం రేడియో ముందు పెట్టాడు.

రేడియో ఉత్సాహంగా విప్పాడు. చదువుతుంటే మొదట మూతి వంకర తిరిగింది. చివరికి వచ్చేసరికి ఆ వంకర సర్దుకుంది. కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"అన్నా, ఇది నిజంగా ఎక్కించమంటావా?"

"సీలు వెయ్యి."

"విషయం అని ఒక గడి ఉంది. అందరూ తిప్పే పుస్తకం ఇది. ఆరోగ్య సమస్య అని రాసేదా?"

"వద్దు. తొడలు ఒరుసుకొనుట, అని రాయి."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మెట్లాయన అటు తిరగలేదు. రేడియో కలం పట్టుకుని, గడిలో ఆనించబోయి ఆపాడు.

"ఒకటా, రెండా అన్నా?"

"రెండూ."

రేడియో రాశాడు. అక్షరాలన్నీ పూర్తయ్యేదాకా మెట్లాయన అక్కడే నిలబడి చూసి, సీలు పడ్డాక కాగితం తీసుకుని మేడమ్ గది వైపు నడిచాడు.