చక్రం పిన్ను

మా తోడల్లుడు పంచదార నన్ను నిలువునా ముంచాడు. అసలు పేరు వేరే. మాట తియ్యన అని మా అత్తగారు పెట్టిన పేరది. తనకి చక్కెర జబ్బు ఉందన్న సంగతి ఆవిడకే గుర్తులేదు.

మూతపడ్డ ఓ ఆఫీసులో సామాను అమ్మేస్తుంటే, కార్పెట్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ ఒకటి కారుచౌకగా కొని నా రిపేరు షాపుకి తెచ్చాడు. తోయనక్కరలేదు, హ్యాండిల్ కాస్త ముందుకి నొక్కితే తనే నడిచే రకం. ఇది మాత్రం నడవదు. బాగుచేస్తే ఊళ్లో పెద్ద ఫంక్షన్ హాలు కార్పెట్ల పని ఇద్దరం చెరిసగం చేద్దామన్నాడు. హాలు వాళ్లకి ధరావతు కట్టి, ఒకసారి ఊడ్చి చూపించాలి. చూపించలేకపోతే ధరావతు వెనక్కి రాదు. కట్టింది నేను. మాట అతనిది, మూట నాది.

బల్లమీద బోర్లించి స్విచ్ వేశాను. మోటారు తిరుగుతోంది, బెల్టు తిరుగుతోంది, లోపలి పళ్లచక్రాలూ తిరుగుతున్నాయి. బయటి చక్రాలు ఉలకవు, పలకవు. గేరుపెట్టె విప్పితే, ఇరుసుని చక్రంతో కలిపే పిన్ను లేదు. విరిగి ఉంటే ముక్కలుండాలి. ముక్కల్లేవు, రంధ్రం అంచున గీత కూడా లేదు. ఎవరో శుభ్రంగా లాగేశారు. చెడిపోయిందనిపించి చౌకగా కొట్టేయడానికి కాక ఇంకెందుకు?

పంచదారని అడిగితే నవ్వాడు. “అన్నయ్యా, స్క్రూడ్రైవర్ ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు నాకు. మొన్న నీ షాపులో బల్బు మారుస్తూ షాక్ కొట్టించుకోలా?”

తెలియనివాడు అంత హాయిగా నవ్వడు.

ఇనుపకడ్డీ కోసి, ఆకురాయితో అరగదీసి కొత్త పిన్ను వేశాను. బండి గదంతా కుక్కపిల్లలా తిరిగింది. కానీ ఆఫీసువాళ్లకి చేసినవాడు నాకు చెయ్యడా? బండి పట్టుకుపోయి హాలు వాళ్లకి తన ఒక్కడి పేరే చెబితే? షాపు మూసేటప్పుడు పిన్ను ఊడదీసి జేబులో వేసుకున్నాను. పొద్దున్న హాల్లోనే బిగిద్దాంలే అనుకున్నాను.

పొద్దున్న షాపుకి వెళితే బండి లేదు. హాలు మేనేజరు ముందే రమ్మన్నాడట. మా ఆవిడ దగ్గర తాళం తీసుకుని పంచదార పట్టుకెళ్లాడు. నేను హాలు చేరేసరికి బండి రొద పెడుతోందే గాని అడుగు వేయడం లేదు. అతను చెమటలు కక్కుతూ తోస్తున్నాడు. మేనేజరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

పంచదార నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. “అన్నయ్యా, ఆ పిన్ను నీ దగ్గరుంటే ఇచ్చెయ్. ఎందుకని అడగను.”

పెట్టె విప్పనైనా లేదు. లోపల లేనిది పిన్నేనని ఎలా తెలిసింది? ఒకసారి లాగిన చెయ్యి కాబట్టే. ఇప్పుడు జేబులోంచి తీసిచ్చానా, అందరి ముందూ నేను దొంగ, అతను దొర.

“నా దగ్గరెందుకుంటుంది?” అన్నాను.

మేనేజరు వేరేవాళ్లని పిలిపించుకున్నాడు. పోయిన ధరావతులో పంచదారది చిల్లిగవ్వ లేదు. మొత్తం నాదే, నలభై రెండు వేల అయిదు వందలు.