తుపాను మర్నాటి ఏడు వరుసలు

కొలతల పట్టికలో ఆ ఏడు వరుసలు తీసేస్తే గ్రాఫు తిన్నగా వస్తుంది, గైడు సార్ పొద్దున ఫోనులో చెప్పింది అదే, తీసెయ్ అమలా, ఈ నెలలోనే థీసిస్ ఇచ్చేయొచ్చు అని, నేనూ సరే సార్ అనేశాను, ఓపిక లేక, ఆరేళ్లుగా ఈ శేషాచలం అడవిలో నేల మీద డబ్బా బోర్లించి మట్టిలోంచి కార్బన్ ఎంత పైకి వస్తుందో కొలుస్తున్నాను, ఇక చాలనిపిస్తోంది, మామండూరులో బస్సు దిగి ఇంత దూరం నడక, మోకాళ్ల నొప్పులు, ఈ ఉక్క, నిరుడు పురుగులు పడి ఆకంతా తినేశాయి, వాటి పెంటికలు సన్నజల్లులా తల మీద రాలేవి, ఆకు లేని చెట్టు వేళ్లకేం పంపుతుంది, మట్టి ఊపిరి సగానికి పడిపోయింది, తర్వాత వానకు ఆ పెంటికలు కుళ్లి ఒక్కసారిగా పెరిగింది, అది అర్థమయ్యేలోపు తుపాను, చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి.

ముందు చెంగయ్యన్న నడుస్తున్నాడు, మొదటి ఏడాది నుంచీ నాకు దారి చూపే మనిషి, చేతికి పుత్తూరు కట్టు ఇంకా విప్పలేదు, తుపాను మర్నాడు వాగులు పొంగి నేను రేణిగుంట దాటలేకపోతే, తన ఇంట్లో పెట్టిన డబ్బా, మీటరు తనే మోసుకొచ్చాడు, ఏడు చోట్లలో మూడో దగ్గర జారిపడి చేయి విరిగినా మిగిలినవి ఒంటిచేత్తో కొలిచి వంకర అక్షరాలతో రాసిపెట్టాడు, ఎందుకన్నా అంత తెగింపు అంటే, ఆ పొద్దు మళ్లా వస్తాదా మేడం అన్నాడు, సార్ తీసెయ్యమన్నది వాటినే.

దాచలేక చెప్పేశాను, అన్నా, నీ లెక్కలు సార్ వద్దంటున్నారు, చెంగయ్యన్న నడక ఆపాడు, తప్పు రాసినానా మేడం, లేదన్నా, సరిగ్గానే రాశావు, కానీ అవి అడవి మామూలుగా ఉన్న రోజువి కావంట, ఆయన పడిపోయిన చెట్టు మీద చేయి ఆనించి, కోపమేమీ లేకుండా, మామూలు దినమంటే యా దినం మేడం, పోయినేడాది పురుగు, ఈయేడు గాలి, నేను సూస్తా ఉండంగా ఏదో ఒగటి వస్తానే ఉండాది అన్నాడు.

డబ్బా బోర్లించి కూర్చున్నాను, మీటరులో అంకె పైకి పాకుతోంది, సార్‌కు ఫోను చేసి తీయను అని చెప్పాలి, థీసిస్ వెనక్కి పోతుంది, తుపాను తర్వాతి అడవిని కొలవడానికి ఇంకో ఏడాది ఈ నడక, తలచుకుంటేనే నీరసం, అయినా చెప్తాను, ఆరేళ్లూ అడవి కుదుటపడితే సరిగ్గా కొలుద్దామని కాచుకున్నాను, అలా కుదుటపడిన అడవి ఎక్కడా లేదు, అడ్డొచ్చాయని విసుక్కున్న పురుగూ గాలీ కూడా అడవే.