చేతులు కట్టుకున్న దర్జీ

దర్జీ ఫోన్‌లో అన్నీ ఆకుపచ్చ టిక్కులే. పిల్లలతో ఎలా మెలగాలో నేర్పే యాప్ అది. పొద్దున ఒక పాఠం చెప్పి, సాయంత్రం "ఈ రోజు మీ పాపను మెచ్చుకున్నారా?" అని అడిగేది. మెచ్చుకున్నాడు, టిక్కు పెట్టాడు. మూడు వారాల్లో ఒక్క రోజూ తప్పలేదు. అయినా పొద్దున్నే ఇల్లు పీకి పందిరేసే గొడవ మాత్రం తగ్గలేదు.

భార్య ఆసుపత్రిలో నర్సు. కొత్తగా ఉదయం డ్యూటీ పడడంతో ఐదేళ్ల కూతుర్ని బడికి తయారుచేసే పని అతని మీద పడింది. ఆ పిల్లకు అతను పెట్టిన ముద్దుపేరు కందిరీగ. యూనిఫాం వేసుకునే వేళకు ఆ పేరు నిలబెట్టుకునేది.

"ఈ ఆదివారం దాకా చూస్తానండీ," అంది భార్య. "ఏడుపు తగ్గకపోతే దాన్ని మా అమ్మ దగ్గర ఉంచుదాం. అక్కడ బడి పక్కనే."

"నేనేమైనా రాక్షసుణ్ణా?"

"అమ్మమ్మ దగ్గరికి పోతానని అదే అడుగుతోంది మరి."

ఆ మాట గుండుసూదిలా దిగింది.

యాప్ తరఫున ఒక కోచ్ మేడం కూడా ఉండేది. ఏళ్ల తరబడి చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన పెద్దావిడ. గురువారం గురువారం పావుగంట ఫోన్ చేసేది. ఇన్నాళ్లూ "అంతా బాగుంది మేడం" అని తేల్చేసేవాడు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"టిక్కులు నేనూ చూస్తున్నా బాబూ," అందావిడ. "నిన్న పొద్దున నువ్వేమన్నావో వద్దు. నీ చేతులేం చేశాయో చెప్పు."

అలా ఎవరూ అడగలేదు. ఆలోచించి చెప్పాడు. "తనే గుండీలు పెట్టుకుంది మేడం. ఒక కాజా తప్పింది. 'భలే పెట్టుకున్నావు తల్లీ' అన్నాను."

"అని?"

"అన్నీ విప్పి సరిగ్గా పెట్టాను."

అవతల చిన్న నవ్వు. "మెచ్చుకుంటూనే విప్పావా?"

"వంకర కుట్టు కనబడితే విప్పకుండా ఉండలేను మేడం. పాతికేళ్ల అలవాటు."

"పిల్ల కుట్టు కాదుగా. రేపు చేతులు కట్టుకుని నిలబడు. అడిగితేనే విప్పు."

పాఠాల్లో ఈ ముక్క లేదు. ఉన్నా అది తన గురించేనని తట్టేది కాదేమో. మర్నాడు దేవుడికి దండం పెట్టుకుంటుంటే ఒక అనుమానం వచ్చింది. మన వంకర పనులన్నీ పైవాడు చూస్తూనే ఉంటాడు కదా, ఎన్నింటిని విప్పి మళ్లీ పెట్టాడు?

కందిరీగ గుండీలు పెట్టుకుంది. ఏకంగా రెండు కాజాలు తప్పాయి. కాలరు ఒకపక్క చెవి దాకా లేచింది. అతను చేతులు కట్టుకున్నాడు. వేళ్లు జిలపెట్టాయి. పిల్ల ఆ చేతులకేసే చూసింది.

"విప్పవా నాన్నా?"

"నువ్వు విప్పమంటే విప్పుతా."

తన గుండీలకేసి చూసుకుంది. "వద్దు," అని బూట్లు వేసుకుంది. ఆ పూట ఏడుపు లేదు.

వీధి మలుపులో కూరగాయలమ్మే ఆవిడ ఊరుకోలేదు. "ఏం మాస్టారూ, ఊరందరికీ బట్టలు కుడతారు, ఇంట్లో పిల్లకి గుండీ పెట్టలేకపోయారా?"

"నేనే పెట్టుకున్నా," అంది పిల్ల. కాలరు సర్దుకోనైనా సర్దుకోలేదు. అతను మాత్రం తల వంచుకుని నడిచాడు.

శనివారం సాయంత్రం భార్య కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "రేపు అమ్మమ్మ దగ్గరికి వెళ్దామా? అక్కడే ఉంటావా?"

"వెళ్లి వచ్చేద్దాం. సోమవారం బడికి నాన్న తయారుచేస్తాడు." పిల్ల ఒక్క క్షణం ఆగి సరిదిద్దింది. "చేయడులే. పక్కన నిలబడతాడు."

భార్య అతనికేసి చూసింది. "అంతేనా మీరు చేసేది?"

"అంతే," అన్నాడు దర్జీ. "దానికే ప్రాణం మీదికొస్తోంది."