నా చీటీ మీద వచ్చిన మాత్రలు

మోకాళ్ల నొప్పి ముందు నాకే వచ్చింది. మా ఆడపడుచుకు ఏడాది తర్వాత వచ్చింది.

లాండ్రీలో అందరూ దాన్ని పిచ్చుక అనేవారు. మా ఆయన చెల్లెలు. నేను కాపురానికి వచ్చిన రోజున నా పెట్టె మీదెక్కి కూర్చుని, తాళంచెవి చేతికిస్తే గాని దిగనన్న పిల్ల. అప్పుడు దానికి పదకొండేళ్లు. మా ఆయన పోయాక, దాని మొగుడు ఎటో వెళ్లిపోయాక, రెండో అంతస్తులో ఒకే గదిలో మిగిలింది మేమిద్దరమే.

పెద్దాస్పత్రి లాండ్రీలో ఇద్దరం ఒకే ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేశాం. తడి దుప్పటికి చెరో మూల పట్టుకుని సమంగా వేడి రోలరులోకి అందించాలి. ఒకరు వెనకబడితే దుప్పటి మెలికపడి చుట్టుకుంటుంది. ఎనిమిది గంటలూ సిమెంటు నేల మీద నిలబడే చెయ్యాలి. పొద్దున మేస్త్రీ లాండ్రీలోకి ఎక్కే వాలుదారి పైన నిలబడి మా నడక చూసేవాడు. కుంటుతూ వచ్చినవాళ్లను మురికి బట్టలు వేరుచేసే కిందగదికి పంపేవాడు. ఆ గదిలోంచి మళ్లీ రోలరు దగ్గరికి వచ్చినవాళ్లను నేను చూడలేదు. పని పోయి ఇంటికి పోయినవాళ్లనే చూశాను. నేనూ అలాగే ఇంటికి వచ్చాను.

ఆస్పత్రిలో డాక్టరు నా మోకాలు వంచి చూసి, ఆపరేషను అక్కర్లేదన్నాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి నన్ను చూడగానే నవ్వింది.

“అమ్మమ్మా, కర్ర నొప్పి ఉన్న వైపు పట్టుకున్నారేంటి? రెండో చేతిలో పట్టుకోండి. బరువు దాని మీద పడాలి, మోకాలి మీద కాదు.”

కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచమంది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని దాన్ని అదమమంది. పూటకు పదిసార్లు. మొదటి నెల ఏడుస్తూ చేశాను. నాలుగో నెలకు కూరగాయల సంచితో మెట్లెక్కాను. డాక్టరు రాసిన మాత్రలు అలాగే మిగిలిపోయాయి. అవి రోజూ వేసుకునేవి కావు. నొప్పి మరీ ఓర్చుకోలేని రోజు, కడుపు నిండా తిన్నాక ఒకటి వేసుకోమన్నాడు.

నా నొప్పి మొదలైన ఏడాదికి, అప్పుడే, మొదలైంది పిచ్చుక మోకాలు.

“నాతోపాటు కుర్చీలో కూర్చోవే, నేర్పిస్తాను” అన్నాను.

“పొద్దంతా నిలబడి వచ్చి, ఇంట్లో మళ్లీ కాళ్లెత్తాలా? నువ్వు ఖాళీగా ఉన్నావు గనుక ఎత్తుతున్నావు వదినా.”

“పోనీ డాక్టరుకు చూపించు.”

“చూపిస్తే నా పేరు మీద చీటీ రాస్తారు. మాది ఆస్పత్రి లాండ్రీ. ఆ చీటీ సాయంత్రానికి మేస్త్రీ బల్ల మీద ఉంటుంది. ఇంకో పధ్నాలుగు నెలలు నిలబడితే చాలు, నాకు పింఛను వస్తుంది. నీ మాత్రలు మూలుగుతున్నాయిగా, అవి ఇవ్వు.”

ఇచ్చాను. మాకు అది తప్పుగా తోచలేదు. లాండ్రీలో ఆడవాళ్లందరూ అంతే. ఒకరి తలనొప్పి మాత్ర ఇంకొకరి కొంగులోంచి వచ్చేది. అయిపోయాక రెండు నెలలకోసారి నేనే వెళ్లి, నా చీటీ మీద మళ్లీ రాయించుకొచ్చాను. డాక్టరు ప్రతిసారీ అడిగేవాడు.

“పాదాలు వాస్తున్నాయా?”

“లేదు బాబూ.”

“మూత్రం సరిగ్గా వస్తోందా? వాంతులేమైనా?”

“ఏమీ లేవు.”

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అన్నీ నా గురించే చెప్పాను. రక్తం తీసుకుని పరీక్ష చేయించేవాడు. నా రక్తం శుభ్రంగా ఉండేది. ఆ రక్తం చూసి పిచ్చుకకు మాత్రలు రాశాడాయన.

మొదట రోజుకొకటి వేసుకునేది. తర్వాత రెండు. పరగడుపున టీతో ఒకటి మింగి, అరగంట ఆగి వాలుదారి ఎక్కేది. మేస్త్రీ దాని నడక మెచ్చుకున్నాడట. దానికి రక్తపోటు ఉందని నాకు తెలుసు. మోకాలి మాత్రకూ దానికీ ఏం సంబంధమని ఊరుకున్నాను.

కొన్నాళ్లకు దాని చెప్పుల వార్లు పాదాల్లో దిగబడి గాట్లు పడ్డాయి. పొద్దున లేస్తే ముఖం ఉబ్బి ఉండేది.

“ఒళ్లు చేశావే” అన్నాను.

“ఇన్నేళ్లకు నీ వంట ఒంటికి పట్టింది” అని నవ్వింది.

నేనూ నవ్వాను.

ఇంకో మూడు నెలలు నిలబడితే అయిపోతుందనగా రోలరు దగ్గర పడిపోయింది. లాండ్రీవాళ్లు దుప్పట్ల బండిలోనే వేసుకుని ఆస్పత్రి వార్డుకు తెచ్చారు. నేను వెళ్లేసరికి మా డాక్టరే మంచం దగ్గర ఉన్నాడు.

“ఏవైనా మందులు వాడుతున్నారా?”

“లేదు” అంది పిచ్చుక. అని నావైపు చూసింది.

నేను మాట్లాడలేదు. మాట్లాడితే దాని చోటు పోతుంది. ఇన్నాళ్లు ఓర్చుకున్నది ఆ మూడు నెలల కోసమే. ఆయన వెళ్లిపోయాక అది కొంగుముడి విప్పి ఒక మాత్ర తీసింది. మోకాలు పీకుతోందంది. నీళ్లు నేనే అందించాను.

మర్నాడు డాక్టరు మళ్లీ వచ్చాడు. రక్తంలో విషం పెరుగుతోందని, మూత్రపిండాలు ఎందుకు దెబ్బతిన్నాయో అంతుపట్టడం లేదని అన్నాడు. సంచిలోంచి నా చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

“ఈ మాత్రలు అదే మింగింది బాబూ. మొదటినుంచీ. నిన్న కూడా.”

ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చదివాడు. అంతా ఆయన రాతే.

“నిన్న అడిగానుగా అమ్మా” అన్నాడు, నెమ్మదిగా. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పిచ్చుక గోడవైపు తిరిగి పడుకుంది.

మూత్రపిండాలు మళ్లీ మామూలు కాలేదు. వారానికి రెండుసార్లు యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. ఇక మోకాలికి ఆ నొప్పి మాత్రలు ఏవీ వేసుకోకూడదన్నారు. రోలరు దగ్గర దాని చోటులోకి ఎవరో వచ్చారు. ఆ సంగతి లాండ్రీ ఆవిడ వచ్చి చెప్పింది. పిచ్చుక నాతో పందొమ్మిది రోజులు మాట్లాడలేదు. నేను పెట్టింది తినేది, అంతే.

యంత్రం దగ్గరికి పోవాలంటే రెండంతస్తులు దిగాలి. నొప్పి చంపే మందు లేకుండా, ఆ మోకాళ్లతోనే. ఒకసారి దిగలేక మధ్యలో కూలబడితే ఇరుగుపొరుగు మోసుకెళ్లారు. మరుసటిసారి వాళ్లు ఇంట్లో లేరు, ఆ పూట పోనేలేదు. రెండు రోజుల్లో ఊపిరాడక ఒళ్లు నీలంగా మారితే మళ్లీ మోసుకెళ్లారు. తన కాళ్ల మీదే దిగాలని ఆ దెబ్బకు దానికి అర్థమైంది. ఇరవయ్యో రోజున కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎలా ఎత్తాలో చెప్పు.”

చెప్పాను. కాలు చాపింది. తొడ గడగడ వణికింది. నేను లెక్కపెట్టాను. నాలుగు దగ్గరే పడేసింది.

“ముందే చేసి ఉంటే...” అన్నాను. అనకూడని మాట. నోరు జారింది.

“ముందే నువ్వు మాత్రలు ఇవ్వకుండా ఉంటే” అంది. గొంతు పెంచలేదు. “అడిగింది నేనే, కాదనను. ఇచ్చింది నువ్వు. ఇద్దరం కలిసే చేశాం. ఇప్పుడా లెక్క ఎందుకు గాని, మళ్లీ మొదలుపెట్టు.”

ఈసారి అయిదు దాకా ఉంచింది. నొప్పికి కింది పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. తుడవబోతే నా చెయ్యి తోసేసింది.

“తుడవడం తర్వాత. రేపు పొద్దున దిగాలి నేను. లెక్కపెట్టు.”